అలమరా పైన సజ్జలో సామాను: అమ్మ ఎక్కకుండా అందేలా ఎలా సర్దాలి?

కూకట్‌పల్లి రెండో అంతస్తు

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. రెండు గదుల్లోనూ వార్డ్‌రోబ్ 7 అడుగులు, దాని మీద సీలింగ్ దాకా రెండున్నర అడుగుల సజ్జ, లోతు 2 అడుగులు. ఇంటీరియర్ చేసినవాళ్లు లాఫ్ట్ అన్నారు, మా ఇంట్లో సజ్జ అనే అంటాం. సంక్రాంతికి ముందు మేమెవరమూ ఇంట్లో లేని టైములో అమ్మ బొమ్మల కొలువు పెట్టె దించుదామని ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎక్కింది. కుర్చీ కాలు పక్కకి జారిపోయింది. కుడి మణికట్టు విరిగింది, పిండికట్టు వేశారు. అమ్మకి 64. తలకి ఏమీ తగల్లేదు, అదొక్కటే అదృష్టం.

ఆ రోజు నుంచి నాకు ఆ సజ్జ చూస్తేనే టెన్షన్. అందులో ఏమున్నాయో చెప్తాను: అమ్మమ్మ ఇత్తడి గుండిగలు రెండు, గంగాళం ఒకటి, బొమ్మల పెట్టె, రజాయిలు, మూడు సూట్‌కేసులు, మా బాబు చిన్నప్పటి బట్టలు, నాన్నగారి ఫైళ్లు, వెనకాల ఇంకా ఏవో అట్టపెట్టెలు, వాటిలో ఏముందో నిజంగా ఎవరికీ తెలీదు. తలుపులు పైకి లేచే రకం, అవి తెరిచిన చోట నిలబడవు, ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో సామాను లాగాలి. సామాను తీసేసి సజ్జ ఖాళీ చేసుకోవడం కుదరదు, ఇంట్లో ఇంకెక్కడా చోటు లేదు. ఎవరైనా ఇలాంటిది సరిచేసుకున్నారా?

ఫిజియో వరంగల్

అమ్మగారికి ఎలా ఉందండీ ఇప్పుడు? ముందు ఒక మాట. ఈ వయసులో మణికట్టు విరిగింది కాబట్టి కట్టు విప్పాక ఎముకల సాంద్రత పరీక్ష, డెక్సా అంటారు, అవసరమా అని డాక్టర్‌ని అడగండి. నా దగ్గరికి తుంటి విరిగి వచ్చేవాళ్లలో చాలామందికి అంతకు ముందెప్పుడో మణికట్టు విరిగి ఉంటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకుని ఉండరు.

ఇక సజ్జ సంగతి. ఇంచీల లెక్కలు ఇంటర్నెట్‌లో వెతకొద్దు. అమ్మగారిని గోడ పక్కన చెప్పుల్లేకుండా నిలబెట్టి, మడమలు లేపకుండా, మంచి చేయి నొప్పి లేనంతవరకు పైకెత్తమనండి. వేళ్లు తగిలిన చోట పెన్సిల్‌తో గీత గీయండి. బరువున్న వస్తువు ఏదైనా ఆ గీతకి కనీసం ఒక అడుగు కిందే ఉండాలి, ఎందుకంటే వేలి కొసతో తాకడం వేరు, పట్టుకుని దించడం వేరు. మోకాలికీ భుజానికీ మధ్య ఉన్నదే మనిషికి హాయిగా అందే చోటు. ఆ చోటులో ఇప్పుడు మీ ఇంట్లో ఏముందో చూడండి. చాలా ఇళ్లలో ఏడాదికోసారి వాడే పెళ్లి సూట్లు, ఎవరూ కట్టని చీరలు అక్కడ వేలాడుతుంటాయి, నెలనెలా కావాల్సింది పైన ఉంటుంది.

షుగర్ ఉన్నవాళ్లలో భుజం బిగుసుకుపోవడం ఎక్కువ. అమ్మగారికి షుగర్ ఉంటే ఆ గీత వచ్చే ఏడాదికి ఇంకా కిందికి దిగొచ్చు, అది కూడా మనసులో పెట్టుకుని సర్దండి.

వడ్రంగి రాజమండ్రి

అమ్మా, ఇరవై ఆరేళ్లుగా ఇదే పని నాది. ఆ పైకి లేచే తలుపుల గురించి చెప్తా. 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు, 18 ఎంఎం ప్లై తలుపు లామినేట్‌తో కలిపి ఏడెనిమిది కిలోలు ఉంటుంది, మీది రెండున్నర అడుగులంటే ఇంకా ఎక్కువే. దాన్ని ఎత్తి పట్టుకోవడానికి సన్నటి గ్యాస్ పంపు ఒక్కటి పెట్టి వదిలేస్తారు. పంపు మీద 60ఎన్, 80ఎన్, 100ఎన్, 120ఎన్ అని రాసి ఉంటుంది, ఎన్ అంటే న్యూటన్లు, పంపు తోసే బలం, మీది చదివి చెప్పండి. తలుపు బరువుకి సరిపడేవి రెండు వైపులా రెండు ఉండాలి. అవి కూడా కొన్నేళ్లకి గాలి పోయి మెత్తబడతాయి, మార్చుకోవాల్సిందే.

కానీ నన్నడిగితే మీ ఇంటికి పైకి లేచే తలుపే తప్పు. అది పూర్తిగా తెరిస్తే దాని అంచు సీలింగ్‌కి ఆనుకుని, గోడ నుంచి నాలుగున్నర అడుగులు ముందుకొచ్చి ఉంటుంది. మళ్లీ మూయాలంటే పొట్టి మనిషికి ఆ అంచు ఎలా అందుతుంది? నిచ్చెన మీద వెనక్కి వాలాలి. అక్కడే పడేది. పక్కకి తెరుచుకునే రెండు రెక్కల తలుపులు వేయించుకోండి, ఒక్కో రెక్క అడుగున్నర. అదే ప్లైని కోసి, కబ్జాలు మార్చి చేయొచ్చు, కొత్త చెక్క అక్కర్లేదు, ఒక రోజు పని. అంతవరకు మార్చలేకపోతే తలుపు కింది అంచుకి లోపలివైపు ఒక నాడా బిగించండి, అడుగున్నర పొడవు, మూసేటప్పుడు అది పట్టి లాగితే సరి.

ఇంకోటి, అందరూ మర్చిపోయేది. సీలింగ్ ఫ్యాను. సజ్జ పని చేసేటప్పుడు గదిలో ఫ్యాను స్విచ్ ఆపి, రెక్కలు పూర్తిగా ఆగాకే నిచ్చెన ఎక్కాలి. తల వెనక ఫ్యాను ఉన్న సంగతి సామాను లాగే మనిషికి గుర్తుండదు. నేను పనికి వెళ్లిన ఇళ్లలో ఇది రెండుసార్లు చూశాను, చెప్పుకోదగ్గ దృశ్యం కాదు.

కూకట్‌పల్లి రెండో అంతస్తు

ఫిజియో గారూ, గీత గీశాం. ఎడమ చేయి, 5 అడుగుల 10 అంగుళాల దగ్గర తగిలింది. అమ్మ ఎత్తు 4 అడుగుల 11. అంటే బరువైనవి 4 అడుగుల 10 కిందే ఉండాలి! నేను ఇన్నాళ్లూ అమ్మ రోజూ వాడే పూజ సామాను డబ్బా 6 అడుగుల అరలో పెట్టాను. చాలా బాధేసింది, ఆ రోజే కిందికి మార్చేశాను. షుగర్ ఉందండీ, పదేళ్లుగా.

రాజమండ్రి అన్నా, పంపు మీద 60ఎన్ అని ఉంది. ఒక్కటే ఉంది.

వడ్రంగి రాజమండ్రి

ఇంకేం నిలబడుతుంది తల్లీ అది.

ఎడిసన్ అపార్ట్‌మెంట్

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ సమస్య కొంచెం తిరగేసి ఉంటుంది, కానీ మీకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఇక్కడి క్లోజెట్‌లో హ్యాంగర్ల రాడ్ దాదాపు 66 అంగుళాల ఎత్తులో, దాని మీదే ఒక అర, అంతే. సీలింగ్ 96 అంగుళాలు. ఆ అర మీద రెండడుగులకి పైగా ఖాళీ గాలి. పైగా క్లోజెట్ గుమ్మం ఎత్తు 80 అంగుళాలే, గుమ్మం పైన గోడ అడ్డం ఉండటం వల్ల ఆ పై ఖాళీలోకి పెట్టె తిన్నగా పోదు, వంచి దూర్చాలి. కాబట్టి పెద్ద పెట్టె కొనే ముందు అర లోతు కాదు, గుమ్మంలోంచి పెట్టె పట్టే సందు కొలవాలి. నేను కొలవకుండా కొని ఆరు పెట్టెలు వాపసు చేశాను.

మేము చేసింది: రాడ్‌ని 80 అంగుళాలకి ఎత్తి, దాని కింద 40 అంగుళాల దగ్గర ఇంకో రాడ్ వేశాం. చొక్కాలు, కుర్తీలు రెండు వరసలు పడతాయి. మా అత్తగారు ఆరు నెలలకోసారి వచ్చి ఉంటారు, కింది రాడ్ ఆవిడది. ఇక్కడ వీల్‌చెయిర్ వాడేవాళ్ల కోసం రాసిన ఏడీఏ ప్రమాణాల్లో అడ్డు లేకుండా చేయి చాపి అందుకోవడానికి పై హద్దు 48 అంగుళాలు, కింది హద్దు 15. మీ ఫిజియో గారు చెప్పిన మోకాలు, భుజం లెక్కకి ఇంచుమించు అదే వస్తుంది. పై రాడ్‌కి కిందికి లాగే రకం పెడదామనుకున్నాం, అద్దె ఇల్లు కాబట్టి మానేశాం.

బెంగళూరు అద్దె ఇల్లు

కిందికి లాగే రాడ్ మా ఓనర్ వాళ్లింట్లో ఉంది, వార్డ్‌రోబ్ లిఫ్ట్ అంటారు. హెట్టిక్, హేఫెలే, ఎబ్కో వాళ్లు అందరూ అమ్ముతారు. మధ్యలో ఒక కర్రలాంటి పిడి వేలాడుతుంది, అది పట్టి లాగితే రాడ్ మొత్తం ముందుకొచ్చి కిందికి దిగుతుంది. బావుంటుంది కానీ మోసే బరువుకి హద్దు ఉంటుంది, ఓనర్ గారిదాని మీద 10 కిలోలు అని రాసుంది. పట్టుచీర ఒక్కోటి అరకిలో నుంచి కిలో ఉంటుంది కదా, హ్యాంగర్లతో కలిపి పది, పన్నెండు చీరలతో సరి. ఇంకా ఎక్కువ వేస్తే దిగేటప్పుడు విసురుగా వస్తుంది, పైకి తోయడం కష్టం. మెత్తటి డ్రెస్సులకి ఓకే.

అయితే నా అసలు అభిప్రాయం వేరు. అండీ, గుండిగలు, గంగాళం వాడతారా? వాడకపోతే ఇచ్చేయండి. ఆ చోటు ఖాళీ అయితే సగం సమస్య పోతుంది.

పాతిల్లు తెనాలి

బెంగళూరు బాబూ, అంత తేలిగ్గా అనకు. ఆ గుండిగలో ఆవిడ అమ్మగారు పెళ్లి వంటలు వండి ఉంటారు. మా ఇంట్లో మా నాయనమ్మ గంగాళం ఉంది, శ్రీరామనవమికి ఊళ్లో పానకం కలపడానికి నేటికీ అదే పట్టుకెళ్తారు. అమ్మేస్తే కిలోల లెక్కన తూకం వేసి పాత ఇత్తడి ధర ఇస్తారు, అంతే.

కానీ అవి సజ్జ మీద ఉండాలని లేదు కదా. ఇది మా ఇంట్లో నేర్చుకున్న పాఠం. మాది కడప బండ సజ్జ, రెండు గోడల మధ్య పరిచిన బండ. మా నాన్న దాని మధ్యలో గుండిగ పెట్టి, దానిలో బియ్యం నింపిన డబ్బాలు కూడా పెట్టేవారు. బండకి అడ్డంగా సన్నటి చీలిక వచ్చింది. మేస్త్రి వచ్చి చూసి మధ్యలో బరువు వద్దు, గోడల పక్కకి జరపండి అన్నాడు. అప్పటి నుంచి ఇత్తడి సామాను అంతా హాల్లో నేల మీదే. గంగాళంలో మనీప్లాంటు కుండీ పెట్టాం, గుండిగ మీద గాజు పలక వేసి టెలిఫోన్ బల్లగా వాడుతున్నాం. ఒకదానిలో ఒకటి పట్టేవైతే చిన్నవి లోపల పెట్టి, మధ్యలో పాత పంచె ముక్క వేయండి, గీతలు పడవు.

మా చిన్నప్పుడు ఇంటి మధ్య చెక్క అటక ఉండేది. వేరుశనగ బస్తాలు ఎక్కించడానికి తాత దూలానికి గిలక కట్టించారు. కింది నుంచి తాడు లాగితే బస్తా తనంతట తానే పైకి పోయేది, మనిషి పైన కూర్చుని అందుకునేవాడు అంతే. వంటింట్లో ఉట్టి కూడా చాలా ఇళ్లలో తాడు వదిలితే కిందికి దిగేది. బరువుతో మనిషి ఎక్కకూడదని ఆనాడే తెలుసు వాళ్లకి.

వడ్రంగి రాజమండ్రి

తెనాలి పెద్దాయన చెప్పింది నిజం. అయితే ఫ్లాట్లలో ఎవరూ సొంతంగా సీలింగ్‌కి కొక్కెం బిగించి గిలక కట్టొద్దు. స్లాబులో కరెంటు పైపులు పోతాయి, ఫాల్స్ సీలింగ్ అయితే అసలు బరువే ఆగదు.

విశాఖ ఉప్పుగాలి

మాకు అందడం కంటే తేమ పెద్ద బాధ. సముద్రానికి కిలోమీటరు లోపు. సజ్జ వెనక గోడ బయటి గోడ, వాన పడమటి నుంచి కొట్టిందంటే రెండు రోజుల్లో లోపల బూజు వాసన. నాన్నగారి ఫైళ్లున్నాయి అన్నారు కదా, అవి దయచేసి గోడకి ఆనించి పెట్టకండి. మా అమ్మ పెళ్లి ఫొటోలు అలా పోగొట్టుకున్నాం, ఆల్బమ్ పేజీలు అతుక్కుపోయాయి, విడదీస్తే మొహాలు ఊడొచ్చాయి. రెండంగుళాల సందు వదలండి, అట్టపెట్టెలు వద్దు, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. పొడిగా ఎండ కాసే రోజు చూసి నెలకోసారి తలుపులు తెరిచి గాలి తగలనివ్వాలి. ప్లై మార్చాల్సి వస్తే ఐఎస్ 710 ముద్ర ఉన్నది అడగండి, నీళ్లకి తట్టుకుంటుంది.

పట్టుచీరలు మాత్రం వాక్యూమ్ బ్యాగుల్లో వేయొద్దు. రజాయిలు, దుప్పట్లు వేయండి, సగానికి సగం చోటు కలిసొస్తుంది. చీరలు ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చాలి, లేకపోతే జరీ మడత దగ్గరే తెగుతుంది.

నెఫ్తలీన్ గుళికల గురించి ఒక హెచ్చరిక. మీ బాబు చిన్నప్పటి బట్టలు ఇంకెవరైనా పసిబిడ్డకి ఇద్దామనుకుంటే, గుళికలతో పెట్టినవి ఉతికి ఎండలో బాగా ఆరేయకుండా ఇవ్వొద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిపిల్లలకి ఆ ఆవిరి తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. మా చెల్లెలి బిడ్డని చూసిన పిల్లల డాక్టరు చెప్పారు ఈ మాట.

ఎడిసన్ అపార్ట్‌మెంట్

ఇది తెలీదు నాకు. ఈ రాత్రే తీసేస్తాను అన్ని గుళికలూ.

బెంగళూరు అద్దె ఇల్లు

తెనాలి గారూ, నేను అలా అనుండకూడదు, క్షమించండి. పెద్దావిడ వస్తువులు ఇవ్వాలా వద్దా అన్నది ఆవిడే చెప్పాలి.

చోటు కలిసొచ్చే మాట ఒకటి చెప్తాను. 2 అడుగుల లోతులో రెండు వరసలు పెడితే వెనక వరస పోయినట్టే. రెండడుగులూ పట్టే పొడుగు పెట్టె, ముందు వైపు పిడి ఉన్నది, లోతుగా ఒకటే పెట్టండి. సొరుగులా లాగొచ్చు. పెట్టె నిండా ఐదారు కిలోలకి మించి వద్దు, బాత్‌రూమ్ తూకం మిషన్ మీద పెట్టి చూసుకోండి. ఖాళీ సూట్‌కేసు లోపల ఇంకో సూట్‌కేసు, దాని లోపల స్వెట్టర్లు. ప్రతి పెట్టెకీ నంబరు వేసి, మూత వేసే ముందు లోపలి సామాను ఫొటో తీసి, ఇంట్లోవాళ్ల వాట్సాప్ గ్రూపులో నంబరుతో పెట్టండి. మా ఇంట్లో "రెయిన్‌కోటు ఎక్కడ" అంటే "4" అని సమాధానం వస్తుంది, ఎవరూ ఏ పెట్టే వెతుక్కోరు.

ఫిజియో వరంగల్

ఎలాంటి నిచ్చెన కావాలో ఎవరూ చెప్పలేదు. 5 అడుగుల మనిషి కళ్లు నేల నుంచి దాదాపు 4 అడుగుల 8 అంగుళాల దగ్గర ఉంటాయి. 7 అడుగుల సజ్జ అడుగు కంటికి కనిపించాలంటే రెండున్నర అడుగులు ఎక్కాలి. రెండు మెట్ల స్టూలు చాలదు, అందుకే మునివేళ్ల మీద లేస్తారు, తడుముతారు, పడతారు. మూడు నాలుగు మెట్లది, పైన వెడల్పు పలక, నడుము ఎత్తున పట్టుకునే కమ్మీ, కాళ్లకి రబ్బరు తొడుగులు ఉన్నది కొనండి. పక్కకి వంగి లాగకుండా, దిగి నిచ్చెన జరుపుకోవాలి. పెట్టె చేత్తో పట్టుకుని దిగొద్దు, కింద ఒకరు నిలబడి అందుకోవాలి. 60 దాటినవాళ్లు ఆ కింద మనిషే అవ్వాలి, పైన మనిషి కాదు. ఆ ప్లాస్టిక్ కుర్చీ మాత్రం ఆ గదిలో ఉంచకండి, కంటి ముందుంటే మళ్లీ ఎక్కుతారు.

కూకట్‌పల్లి రెండో అంతస్తు

ఐదు వారాలైంది, చేసినవి రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తుందని.

ఒక ఆదివారం మావారూ నేనూ సజ్జ మొత్తం దించి హాల్లో పరిచాం. అమ్మని సోఫాలో కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చూపించాం. అట్టపెట్టెల్లో పాత టీవీ రిమోట్లు, విరిగిన మిక్సీ జారు, నా పదో తరగతి నోట్సు, అన్నీ పారేయాల్సినవే. కానీ ఒక పెట్టెలో నాన్నగారి ఉత్తరాలు దొరికాయి, దుబాయ్‌లో పని చేసిన రోజుల్లో అమ్మకి రాసినవి, నీలం రంగు కాగితాల మీద. అమ్మ వాటిని ఇల్లు మారినప్పుడు పోయాయనుకుంది. అవి ఇప్పుడు అమ్మ మంచం పక్క సొరుగులో ఉన్నాయి.

గుండిగలు ఒకదానిలో ఒకటి పట్టాయి, మధ్యలో పంచె ముక్క వేశాం. బాల్కనీ తలుపు పక్కన నేల మీద ఉన్నాయి, అమ్మ వాటిలో గొడుగులు పెట్టింది. గంగాళం మా పిన్ని అడిగింది, అమ్మే ఇచ్చింది. ఫైళ్లు స్కాన్ చేసి, ఇంటి కాగితాలూ పెన్షన్ కాగితాలూ మాత్రం కింది అరలో పెట్టాం. రెండు వైపులకి తెరుచుకునే తలుపులు వేయించాం, వడ్రంగి పొద్దున వచ్చి సాయంత్రానికి ముగించాడు, పాత ప్లైతోనే. సజ్జలో ఇప్పుడు రజాయిలు, సూట్‌కేసులు, పండగ లైట్లు, అంతే. పెట్టెలు తొమ్మిది, తూకం వేసే పెట్టాం, ఏదీ ఐదు కిలోలు దాటలేదు. ఫ్యాను స్విచ్ పక్కన "ముందు ఇది ఆపు" అని మా బాబు కాగితం అంటించాడు.

బొమ్మల పెట్టె పద్నాలుగు కిలోలుంది! అది పట్టుకునే అమ్మ దిగాలనుకుంది ఆ రోజు. దాన్ని నాలుగు చిన్న డబ్బాలుగా విడదీసి, ఒక్కో బొమ్మకీ పాత కాటన్ చీర ముక్క చుట్టి, మంచం కింద సొరుగులో పెట్టాం. మొన్న అమ్మ ఎడమ చేత్తో సొరుగు లాగి, దశావతారాల డబ్బా తీసుకుని మా బాబుకి ఒక్కో బొమ్మా చూపిస్తూ కూర్చుంది. పండగేమీ కాదు, ఊరికే.

ఒక ప్రశ్న మిగిలింది. రెండో గది సజ్జలో ఏసీ పైపు ఒక మూల నుంచి పోతోంది, ఎండాకాలంలో దాని మీద చెమట పట్టినట్టు నీళ్లు. దాని పక్కన రజాయి పెట్టొచ్చా?

విశాఖ ఉప్పుగాలి

వద్దండీ. ముందు పైపు మీద నల్లటి స్పాంజి తొడుగు చిరిగిందేమో చూడండి, చిరిగిన చోటే నీళ్లు పడతాయి. ఏసీ మెకానిక్‌ని పిలిస్తే కొత్తది తొడిగి టేపు చుడతాడు. అది అయ్యేదాకా ఆ మూల ఖాళీగా వదిలేసి, సూట్‌కేసు ఒకటి అడ్డం పెట్టండి.